అమ్మా నాన్నా బడికెళ్తే...

పిల్లల్ని బడికి తయారుచేయడమంటే ఏ ఇంట్లోనైనా చిన్నపాటి యుద్ధమే. టిఫిను డబ్బా, నీళ్ల సీసా, ఎక్కడో మంచం కింద దాక్కున్న రెండో సాక్సు... అన్నీ దొరికి ఆటో కదిలాక గానీ అమ్మ ఊపిరి పీల్చుకోదు. ఆ తర్వాత తనూ ఓ నోటుపుస్తకం, పెన్నూ సంచిలో వేసుకుని బస్సెక్కితే?

ఏలూరు చుట్టుపక్కల ఇదేం వింత కాదు. కైకలూరు, మండవల్లి, దెందులూరు, పెదపాడు వైపు పల్లెల నుంచి అలా పట్నానికి వచ్చి కుట్టుపనో, ఇంటి వైరింగో, సెల్‌ఫోన్ల మరమ్మతో నేర్చుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇంటర్ తప్పిన కుర్రాళ్లుంటారు. డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్లి చేసుకున్న అమ్మాయిలుంటారు. అయిదో తరగతితో చదువు ఆగిపోయి, డ్వాక్రా సంఘంలో చేరాక సంతకం నేర్చుకున్న అమ్మలుంటారు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి తిరిగొచ్చి, అరబ్బీ గలగలా మాట్లాడుతూ తెలుగు అక్షరాల దగ్గర మాత్రం తడబడేవాళ్లూ ఉంటారు. ఇరవై ఏళ్లవాళ్లూ నలభై ఏళ్లవాళ్లూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద.

వీళ్లందరికీ ఒకే పాఠం ఎలా చెప్పాలి? అసలు చెప్పొచ్చా?

జిల్లాకొకటి చొప్పున దేశమంతటా నడుస్తున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. వాటికి మూలం కర్ణాటకలోని ఉజిరె. ధర్మస్థల మంజునాథేశ్వర ట్రస్టు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి 1982లో అక్కడ రుడ్‌సెటి అనే సంస్థను పెట్టాయి. చదువు ఆగిపోయిన పల్లెటూరి యువతకు ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి కొద్ది రోజుల్లో ఓ పని నేర్పి, బ్యాంకు రుణం దాకా చెయ్యిపట్టుకుని నడిపించడం దాని పద్ధతి. అది బాగుందనిపించి 2009లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ దేశమంతటికీ విస్తరించింది. ఏలూరులో ఆ బాధ్యత ఒకప్పుడు ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు విలీనమయ్యాక యూనియన్ బ్యాంకుది.

మాకేం వస్తుందండీ!

పెద్దవాళ్లు తరగతి గదిలోకి ఒట్టి చేతులతో రారు. ఎప్పుడో పాతికేళ్ల కిందటి భయాన్ని వెంట తెచ్చుకుంటారు. లెక్కల మాస్టారు అందరి ముందూ నిలబెట్టి తిట్టిన రోజు, పలక పగిలిన రోజు, పరీక్ష తప్పిన రోజు... పొలంలో, చెరువు గట్టున, వంటింట్లో చకచకా పనిచేసే మనిషి బల్ల ముందు కూర్చోగానే చిన్నపిల్లాడైపోతాడు. ‘ఆయ్... ఈ వయసులో మాకేం వస్తుందండీ’ అనేస్తాడు. గోదావరి జిల్లాల్లో ఈ మాట వినని శిక్షకుడు ఉండడు.

భయంతోపాటు కూలీ లెక్క ఒకటుంది. పిల్లాడు ఒకరోజు బడి ఎగ్గొడితే ఓ పాఠం పోతుంది. పెద్దవాళ్లు ఒకరోజు బడికొస్తే ఆ రోజు కూలి పోతుంది. నెలరోజుల కుట్టు శిక్షణంటే నెల సంపాదన వదులుకోవడమే. శిక్షణ ఉచితమని ఎంత చెప్పినా, ఆ ఇంటికి మాత్రం అది ఉచితం కాదు. అందుకే మొదటి రెండు రోజుల్లో ‘ఇది మనకు పనికొచ్చేదే’ అనిపించకపోతే మూడోరోజు కుర్చీ ఖాళీ. కారణం అడిగితే ఏ మేనత్త ఇంట్లోనో శుభకార్యం ఉందంటారు.

ఈ సంగతి తెలుసు కాబట్టే ఆ కేంద్రాల్లో మొదటిరోజు పాఠం ఉండదు. పరిచయాలు, ఆటలు, నవ్వులు. ఒకరి గురించి ఒకరు చెప్పాలి. రెండోరోజు నుంచి ఉదయాన్నే ఎవరో ఒకరు లేచి, నిన్న నేర్చుకున్నవాటిలో తమకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఏమిటో చెబుతారు. దాన్ని ముద్దుగా ‘మిల్లీ’ అంటారు. పరీక్ష కాదు, మార్కులు లేవు. మొదటివారం నోరు విప్పనివాళ్లు మూడోవారానికి ఆపమన్నా ఆపరు!

పిలుపు దగ్గరా జాగ్రత్త అవసరమే. నేర్పే అమ్మాయికి పాతికేళ్లు, నేర్చుకునే ఆమెకు నలభై. పేరు పెట్టి పిలిస్తే బాగుండదు, ‘స్టూడెంట్స్’ అంటే నవ్వొస్తుంది. అక్కా, పిన్నీ, బాబాయ్ గారూ అంటేనే గదిలో బిగుసుకున్న భుజాలు కిందికి దిగేది. అలాగని బాబాయ్ గారి తప్పు దిద్దకుండా వదిలేస్తే వైరింగు షాక్ కొడుతుంది. దిద్దాలి... పదిమందిలో కాదు, పక్కకెళ్లి.

కాకినాడ నుంచి ఓ ఆట

ఆ ఆటల్లో ఒకటి చూడటానికి తిరునాళ్లలో సబ్బుపెట్టె కోసం ఆడే రింగులాటలా ఉంటుంది. నేల మీద ఓ కర్ర నిలబెడతారు. రింగు విసిరి దానికి తగిలించాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరిష్టం వాళ్లది. దూరం పెరిగేకొద్దీ మార్కులు ఎక్కువ.

కొందరు కర్ర పక్కనే నిలబడి వేసేస్తారు. తప్పే అవకాశం లేదు, మార్కులూ లేవు. కొందరు గోడ దాకా వెళ్లి విసురుతారు. తగిలితే అదృష్టం, తగలకపోతే ‘అంత దూరం ఎవరికి తగులుతుంది లెండి’ అని సర్దుకోవచ్చు. కొద్దిమంది మాత్రం ఒకటి వేసి, చూసుకుని, అడుగు వెనక్కో ముందుకో జరిగి మళ్లీ వేస్తారు. ఆట అయ్యాక శిక్షకుడు అడిగేది ఎవరు గెలిచారని కాదు. ‘మీరు అక్కడే ఎందుకు నిలబడ్డారు?’ అని. అప్పుడు మొదలవుతుంది అసలు చర్చ. రేపు బ్యాంకుకు వెళ్లి ఎంత అప్పు అడగాలి, ఒక మిషనుతో మొదలుపెట్టాలా నాలుగు కొనాలా అన్నది కూడా ఇదే ఆట కదా.

ఈ ఆటకు మన గోదావరి తీరంతో ఓ పాత బంధుత్వం ఉంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్‌కు ఓ సందేహం వచ్చింది. సాధించాలన్న తపన పుట్టుకతో రావాల్సిందేనా, పెద్దయ్యాక నేర్పించవచ్చా? దాన్ని తేల్చుకోవడానికి 1960ల్లో ఆయన ఎంచుకున్న ఊళ్లలో ముఖ్యమైనది మన కాకినాడ. అక్కడి చిన్న వ్యాపారుల్ని బృందాలుగా హైదరాబాదులోని సియెట్ సంస్థకు పిలిపించి, పది రోజులపాటు ఆటలతో, బొమ్మలు చూసి కథలు రాయించడంతో, తమ వ్యాపారానికి తామే లక్ష్యం పెట్టుకునేలా చేయడంతో శిక్షణ ఇచ్చారు. తర్వాత వాళ్లనూ, శిక్షణ తీసుకోని వ్యాపారులనూ పోల్చి చూశారు. శిక్షణ పొందినవాళ్లు కొత్తగా పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్లను పెంచుకోవడంలో ముందున్నట్టు తేలింది. సంప్రదాయ నమ్మకాలు పాటించేవారా కాదా అన్నదానికీ ఈ మార్పుకూ సంబంధం కనిపించలేదు. పాతకాలపు మనుషులు కొత్త వ్యాపారం చేయలేరన్న అభిప్రాయానికి అదో దెబ్బ. ఆ వివరాలతో మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకం వేశారు. ఆ ప్రయోగాన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారనుకోండి. ఆట మాత్రం నిలిచింది. నాటి సియెటే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న ‘ని-ఎంఎస్‌ఎంఈ’.

కాగితం మడిస్తే లెక్క

ఆటలు అయిపోయాక పని మొదలు. కుట్టు తరగతిలో మొదటి గండం మిషను కాదు, టేపు. ఛాతీ కొలత 36 అంగుళాలైతే జాకెట్టు కత్తిరించేటప్పుడు అందులో నాలుగో వంతు కావాలి. బోర్డు మీద భాగహారం వేయగానే సగం మంది మొహాలు వాడిపోతాయి. ‘లెక్కలు రాకే కదండీ బడి మానేసింది!’

అలాంటప్పుడు తెలివైన శిక్షకురాలు సుద్దముక్క పక్కన పెట్టేస్తుంది. 36 అంగుళాల పొడవున పాత న్యూస్‌పేపర్ల పట్టీ అతికించి, సగానికి మడవమంటుంది. మళ్లీ సగానికి. ఇప్పుడు టేపు పెట్టి చూడమంటుంది. తొమ్మిది! 34 అయితే? ఎనిమిదిన్నర. అర అంగుళం, పావు అంగుళం కంటికి కనపడతాయి. పాత జాకెట్టును గుడ్డ మీద పరిచి ఎన్నో ఏళ్లుగా ఇంట్లో కత్తిరించుకుంటున్న ఆమెకు ఆ లెక్క చేతుల్లో ఎప్పట్నుంచో ఉంది. దానికి అంకెల పేరే ఇప్పుడు తెలిసింది.

డిగ్రీ దాకా చదివిన అమ్మాయికి టేపు క్షణంలో అర్థమవుతుంది. గుడ్డ మాత్రం మాట వినదు. చంక దగ్గర ముడత, మెడ దగ్గర వంకర. అందుకే ఆ అమ్మాయినీ, ఈ పిన్నినీ పక్కపక్కన కూర్చోబెట్టడం మంచి ఉపాయం. ఒకరు నోటు పుస్తకం చూసి చెబుతారు, ఇంకొకరు గుడ్డ సర్దిపెడతారు. చదువుకున్నవాళ్లను ముందు వరసలో, రానివాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టిన చోట వెనక వరస నెల తిరక్కుండానే పలచబడుతుంది. చిన్నప్పుడు జరిగిందీ అదే కదా!

నీళ్లను చదివినవాళ్లు

కుట్టు తరగతిలో చేతుల్లో ఉన్న లెక్కే కొల్లేటి వైపు వెళ్తే నీళ్లలో ఉంటుంది. అక్కడ చేపల పెంపకం మీద శిక్షణ ఇవ్వాలంటే ముందుగా ఓ నిజం ఒప్పుకోవాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెరువు గురించి చెప్పేవాళ్లకన్నా ఎక్కువే తెలిసి ఉండొచ్చు.

తెల్లవారుజామున చెరువు గట్టు మీద నడుస్తూ చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే ప్రమాదమని పదేళ్ల పిల్లాడికీ తెలుసు అక్కడ. మోచేతి దాకా చెయ్యి ముంచి, అరచెయ్యి కనపడుతోందా లేదా చూసి నీళ్లు ఎంత చిక్కబడ్డాయో చెబుతారు. తవుడు, చెక్క నింపిన సంచులకు అడుగున చిల్లులు పెట్టి, చెరువులో పాతిన వెదురు గడలకు వరసగా కట్టి చేపలకు మేత పెట్టే పద్ధతి ఈ ప్రాంతపు రైతుల చేతుల్లోనే రూపుదిద్దుకుంది. దాన్నిప్పుడు ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ నివేదికల్లోనూ చదవొచ్చు. అలాంటి మనిషికి ‘చేపలకు ఆక్సిజన్ అవసరం’ అంటూ పాఠం మొదలుపెడితే ఆవలింత రాక ఇంకేమొస్తుంది?

అదే పాఠాన్ని తిరగేసి చూడండి. ‘చేపలు తెల్లవారుజామునే ఎందుకు తేలుతాయి, మిట్టమధ్యాహ్నం ఎందుకు తేలవు?’ అని అడిగితే గదిలో నాలుగు జవాబులు లేస్తాయి. చలికని ఒకరు, మేత ఎక్కువైందని ఒకరు. అప్పుడు మీటరు తీసి చెరువులో ముంచాలి. పగలు నీటిలోని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ నాచూ, చేపలూ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉండాల్సింది బాగా పడిపోతుంది. మబ్బుపట్టిన మర్నాడు ప్రమాదం మరీ ఎక్కువ. ‘అదా సంగతి! ముసురు పట్టినప్పుడు చచ్చిపోయేది అందుకా!’ అన్న మాట గదిలో వినిపించిందంటే ఆ పాఠం ఇక మరిచిపోరు.

మరి ఇంత తెలిసినవాళ్లకు తరగతి ఎందుకు? ఎందుకంటే చెరువు మారిపోయింది. మందు డబ్బాల మీద రాత ఇంగ్లిషులో ఉంటుంది. ఎకరాకు ఎంత వేయాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రొయ్యల్లో నిషేధించిన యాంటీబయాటిక్ జాడ దొరికితే విదేశాల్లో సరుకు వెనక్కి కొడతారు. ఏ రోజు ఏం వేశారో రాసిపెట్టుకోవాలి. నీళ్లను చదవగలిగిన మనిషి డబ్బాను చదవలేకపోతే నష్టం లక్షల్లో. 2011 జనాభా లెక్కల నాటికి అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా అక్షరాస్యత దాదాపు 75 శాతం. ఉమ్మడి రాష్ట్ర సగటు 67 కన్నా అది చాలా మెరుగే. అయినా ఏడేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరు డబ్బా మీది అక్షరాన్ని చదవలేని స్థితిలో ఉన్నారన్నమాట.

ర్యాంకులతో ఓ గది, ర్యాంకుల్లేకుండా ఓ పొలం

చెరువు గట్టు నుంచి చేలల్లోకి వస్తే తాడేపల్లిగూడెం. ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు పిల్లలకు ఎన్ఐటీ గుర్తొస్తుంది. 2015లో వచ్చిన ఆ కళాశాలలోకి అడుగుపెట్టాలంటే దేశవ్యాప్త పరీక్షలో ర్యాంకు కావాలి. కాస్త దూరంలోని వెంకట్రామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దాని కృషి విజ్ఞాన కేంద్రంలో కూర్చోవడానికి ఏ ర్యాంకూ అక్కర్లేదు. కొబ్బరి తోటలో తెల్లదోమ చేరిందన్న దిగులు చాలు.

దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో పుట్టింది. చేస్తూ నేర్చుకోవడమన్నది వాటి మూలసూత్రం. ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది పొలంబడి. ఇండోనేసియాలో వరిని సుడిదోమ ఊడ్చేస్తున్న కాలంలో, 1989లో మొదలైంది అది. సుడిదోమ దెబ్బ తెలిసిన డెల్టా రైతుకు అసలు పరిచయమే అక్కర్లేదు. పాతిక, ముప్పైమంది రైతులు పంటకాలమంతా వారానికోసారి చేలోనే కలుస్తారు. చిన్న బృందాలుగా విడిపోయి మొక్కలు పరిశీలించి, కనిపించిన పురుగుల్ని, వాటిని తినే సాలెపురుగుల్ని పెద్ద కాగితం మీద బొమ్మలుగా గీస్తారు. ఆ తర్వాత మందు కొట్టాలా వద్దా అని వాదించుకుంటారు. చదువు రాని తాతయ్య గీసిన సాలెపురుగు, ఇంటర్ చదివిన మనవడు గీసినదానికన్నా బాగుంటే ఆ పూట తరగతిలో పెద్ద ఆయనే!

పెద్దవాళ్ల పాఠం వాళ్ల బతుకుల్లోంచి వస్తే ఏం జరుగుతుందో మన రాష్ట్రం ఓసారి కళ్లారా చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగుతున్నప్పుడు, వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఓ పాఠం పెట్టారు. మొగుడి తాగుడు, ఇంట్లో ఆకలి. దూబగుంట మహిళలు ఆ పాఠం దగ్గర ఆగిపోయారు. తమ ఊళ్లో సారా దుకాణం ఎందుకుండాలని అడిగారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. ‘అ-అమ్మ, ఆ-ఆవు’తోనే సరిపెట్టి ఉంటే ఆ రాత్రిబడులు ఎవరికీ గుర్తుండేవి కావేమో.

లెక్కకు అందని మనుషులు

ఇదంతా చదివి అన్నిచోట్లా ఇలాగే జరుగుతోందనుకుంటే పొరపాటే. శిక్షణ కేంద్రాలకు లక్ష్యాలుంటాయి. ఈ ఏడాది ఎన్ని బ్యాచులు, ఎంతమందికి ధ్రువపత్రాలు అన్నది ముందు లెక్క. ఏడాది తర్వాత వాళ్లలో ఎందరు ఆ పనిలో ఉన్నారన్నది తర్వాతి లెక్క. మొదటి లెక్క తొందర పెడితే నెమ్మదిగా నేర్చుకునేవాళ్లే ముందు జారిపోతారు. ఉజిరె పద్ధతిలో శిక్షణ ముగిశాక రెండేళ్లపాటు మనిషిని వదలకుండా ఆరా తీయాలన్న నియమం ఉన్నది అందుకే.

వయసు మరో అడ్డంకి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ప్రధానంగా 15 నుంచి 35 ఏళ్లవారికి. స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు 18 నుంచి 45 ఏళ్లవారిని ఉద్దేశించి పుట్టాయి. యాభై దాటిన చెరువు కూలీ ఎక్కడికి వెళ్లాలి? కొల్లేటిలో ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెంచారు. సరస్సుకు అది అవసరమే కావచ్చు. కానీ గట్టుతోపాటు, పుట్టినప్పటి నుంచీ ఒకే పని తెలిసిన మనుషుల బతుకుతెరువూ తెగింది. నడివయసులో ‘మరో పని నేర్చుకో’ అనడం సులువే. నేర్పే గదిలో వాళ్లకో కుర్చీ ఉండాలిగా.

చిన్న మార్పులు జరక్కపోలేదు. లారీ నడపడానికి ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. చేపల లోడుతో కోల్‌కతా దాకా వెళ్లే డ్రైవరు పక్కన ఏళ్లతరబడి క్లీనరుగా ఉండిపోయినవాళ్లకు అది పెద్ద ఊరట. 2015 నుంచి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్లను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటూ చేశారు. తాపీమేస్త్రీకి ఇటుక పేర్చడం మళ్లీ మొదట్నుంచి నేర్పాల్సిన పని తప్పింది. 2022లో మొదలైన అక్షరాస్యతా కార్యక్రమంలో అక్షరాలతోపాటు వృత్తి నైపుణ్యాలనూ చేర్చారు. ‘వయోజన విద్య’ అన్న మాటకు బదులు ‘అందరికీ విద్య’ అని పేరూ మార్చారు. పేరుదేముంది గానీ, తరగతులు ఎప్పుడు పెడతారన్నదే కొల్లేటి లంకల్లో అసలు సమస్య. బుడమేరు, తమ్మిలేరు పొంగి రోడ్లు మునిగే రోజుల్లో పెడితే రాలేరు. నాట్లప్పుడూ కోతలప్పుడూ పెడితే రారు. చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టాలో, మరుగుదొడ్డి ఎలా ఉందో, సాయంత్రం కైకలూరు బస్సు అందుతుందో లేదో చూసుకున్నాకే ఆడవాళ్లు పేరు రాయించుకుంటారు. పంతులమ్మ ఎంత బాగా చెబుతుందన్నది ఆ తర్వాతి సంగతి.

ఇక ఆదివారం. తరగతికి సెలవు. సోమవారం ఏ చేతి కొలతో, మెడ డిజైనో కత్తిరించి తీసుకెళ్లాలి. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు కాగితం మీద చేసి చూడాలిగా... ఇంట్లో అందరూ చదవడం అయ్యేదాకా ఆగి, ఈ పేజీలనే మడతపెట్టి టేపు తీస్తుంది అమ్మ. హోంవర్కు ఎప్పుడు చేస్తావని అడిగే వంతు ఈసారి పిల్లలది!